ఫీజు లేని కళాశాల

కళాశాలలో చేరగోరు బీద విద్యార్థికి మొదటి అడ్డు ఫీజు. అమెరికా దేశమున ప్రైవేటు కళాశాలల ఫీజులెంత భారమైనవో, పిల్లలను అచ్చటికి పంపిన తెలుగు కుటుంబములకు మేము చెప్పనక్కరలేదు. ఆ దేశముననే కెంటకీ రాష్ట్రములో, బెరియా యను చిన్న పట్టణమున, 1892 నుండి ఏ విద్యార్థివద్దను బోధనకు ఫీజు పుచ్చుకొనని ప్రైవేటు కళాశాల యొకటి కలదు. పట్టణము పేరే దాని పేరు. విద్యార్థుల సంఖ్య ఇంచుమించు 1,500.

సాహిత్యము, చరిత్ర, గణితము, ప్రకృతిశాస్త్రములు మున్నగువానిని కలిపి నేర్పుచు, ఒక్క వృత్తికే కాక బ్రతుకంతటికి బుద్ధిని సిద్ధపరచు ఇట్టివానిని అచ్చట లిబరల్ ఆర్ట్స్ కళాశాలలందురు. బెరియాలో ఈ చదువునకు తోడు చేతిపనియు కలదు. అందు చేరువారు ముఖ్యముగా తక్కువ ఆదాయముగల కుటుంబముల పిల్లలు. ప్రతివారును వారమునకు కనీసము 10 గంటలు కళాశాల పని చేయవలెను. ఇందులో ఎవరికిని మినహాయింపు లేదు. గ్రంథాలయమున, కార్యాలయములలో, పొలమున, కళాశాలకు చెందిన హోటలులో పనులుండును. మగ్గపు నేత, కొయ్యపని, చీపుళ్లు కట్టుట అచ్చట పేరుపొందిన పనులు. ఇంట చీపురు పట్టుటయే నామోషీ యనుకొను పట్టభద్రులు మనలో లేకపోలేదు.

ఫీజు లేదనిన ఖర్చు లేదని కాదు. వసతి భోజనముల వ్యయము వేరు. దాతలిచ్చిన మూలధనముపై వచ్చు రాబడియే బోధన ఖర్చులో అధికభాగమును భరించుచున్నది. నియమములేవియు లేక వీలునామాల ద్వారా సంక్రమించిన ధనమును మూలధనమున చేర్చవలెనని పాలకవర్గము 1920లో నిశ్చయించెను. చేతికందిన సొమ్మును ఖర్చుపెట్టక నిలుపుట సులభము కాదు.

అయితే ఈ కళాశాలకు ఫీజుకన్న కఠినమైన అడ్డొకటి శాసనరూపమున వచ్చినది. దీనిని 1855లో ఒంటిగది బడిగా నెలకొల్పిన జాన్ ఫీ క్రైస్తవ బోధకుడు, బానిసత్వమునకు బద్ధవిరోధి. 1859 డిసెంబరులో బానిసత్వ పక్షపాతులు ఆయనను, తోడివారిని ఊరు వెడలగొట్టిరి. అంతర్యుద్ధానంతరము ఆయన తిరిగివచ్చి మరల బడి నడిపెను. 1866–67లో అందు 187 మంది విద్యార్థులుండిరి: 96 మంది నల్లజాతివారు, 91 మంది తెల్లజాతివారు. బానిసత్వము రద్దయి అప్పటికి రెండేండ్లయినను నిండలేదు!

1904లో కెంటకీ శాసనసభ, ఉభయజాతులకు ఒకేచోట విద్య గరపరాదని శాసించెను. ఆ రాష్ట్రమున అట్లు నేర్పుచున్న కళాశాల బెరియా యొక్కటే గనుక, దెబ్బ ఎవరికి ఉద్దేశింపబడినదో స్పష్టము. కళాశాల న్యాయస్థానముల కెక్కినది. 1908లో అమెరికా సుప్రీంకోర్టు, రాష్ట్రమే అనుమతిపత్రమిచ్చిన సంస్థకు రాష్ట్రము హద్దులు పెట్టవచ్చునని శాసనమును సమర్థించెను. కెంటకీవాడే యైన న్యాయమూర్తి హార్లన్ ఆ తీర్పుతో విభేదించెను. నల్లజాతి విద్యార్థులు అంతకుముందే బెరియాను విడువవలసి వచ్చినది. వారికై కళాశాల నిధులు కూర్చగా, 1912లో లింకన్ ఇన్‌స్టిట్యూట్ అను వేరొక విద్యాలయము వెలసెను. అది మేలైన పనియే. కాని కలిసి చదువుట యను మూలోద్దేశమును వేరు బడి తీర్చజాలదని మా యభిప్రాయము.

నల్లజాతి చరిత్రను శాస్త్రీయముగా పరిశోధించి ఖ్యాతి గాంచిన కార్టర్ వుడ్సన్ బెరియాలో పట్టమందినది 1903లో. మరుసటి ఏడే ఆ శాసనము. 46 సంవత్సరముల పిదప, 1950లో అది సవరింపబడగా కళాశాల తన తలుపులు మరల తెరచెను. అటుపిమ్మట తొలి నల్లజాతి పట్టభద్రురాలు 1954లో వెలువడెను.