చలికాలం బొంత



వరి కోతలు అయిపోతయి. చలి ముదురుతది. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో అమ్మలు పాత నూలు చీరలు తీస్తారు. బిడ్డ తొలి కాన్పుకు వస్తది. పసికందుకు బొంత కుట్టాలె.

చీరలు ఉతికి, ఎండబెట్టి, పొరలుగా పరుస్తారు. వరుసగా టాకాలు వేస్తారు. పొరల నడుమ గాలి నిలుస్తది. అందుకే బొంత వెచ్చగా ఉంటది.

దారం ఖర్చు కొంచెమే. కాని ఎన్నో మధ్యాహ్నాల పని. దాన్ని ఎవరూ లెక్క కట్టరు.

తండాల్లో లంబాడీ అక్కలు బట్టల మీద అద్దాలు, గవ్వలు కుడతారు. కర్ణాటకలోని సండూరు లంబాడీల కుట్టుకు 2010లో ఆ ఊరి పేరు మీదనే ప్రభుత్వ గుర్తింపు వచ్చింది.

మన పనికీ పేరుండాలె. ఈసారి బొంత మూలన మీ పేరు కుట్టండి. మనుమరాలు రేపు చదువుకుంటది.