మనకు ఎన్ని భాషలు వచ్చు? ముందు ఆ లెక్క సరిచేసుకుందాం



తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! హైస్కూల్లో విదేశీ భాషలు నేర్చుకోవడం గురించి మాట్లాడమన్నారు. "ఇంగ్లీషే సరిగ్గా రావట్లేదన్నా, మళ్ళీ స్పానిష్, జపనీసా?" అని మీలో చాలామంది అనుకుంటూ ఉంటారు. ముందు ఆ భయం సంగతి చూద్దాం.

ఏదైనా ఫారంలో 'తెలిసిన భాషలు' అని ఉంటే మనోళ్ళు "తెలుగు, కొంచెం ఇంగ్లీషు" అని రాసేస్తారు. మరి ఇంట్లో మాట్లాడే కోయ ఏమైంది? ఆదిలాబాద్ గోండు పిల్లలకు ఇంట్లో గోండి, బడిలో తెలుగు, సంతలో మరాఠీ, హిందీ. అరకు వైపు కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు. ఎనిమిదో తరగతికి వచ్చేసరికే మనలో చాలామందికి మూడు భాషలు వచ్చు. ట్యూషన్ పెట్టి ఎవరూ నేర్పలేదు. విదేశీ భాష మనకు నాలుగోదో ఐదోదో అవుతుంది, అంతే.

2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్ళు 29 లక్షల పైచిలుకు, కోయ మాట్లాడేవాళ్ళు 4 లక్షల పైచిలుకు. అయినా ఈ రెండూ ఎనిమిదో షెడ్యూలులో లేవు. సంతాలీ, బోడో మాత్రం 2003లో చేరాయి, అదీ పోరాడితేనే. మన భాషను మనమే ఫారంలో రాయకపోతే ప్రభుత్వం ఎందుకు లెక్కపెడుతుంది?

ఇక విదేశీ భాష మనకెందుకు? ఉద్యోగం ఒక కారణం, కాదనను. ఇంకో కారణం ఉంది. రిగోబెర్తా మెంచూ గ్వాటెమాలాలో కిచే మాయా ఆదివాసీ బిడ్డ. స్పానిష్ ఆమె తల్లి భాష కాదు, వయసొచ్చాక నేర్చుకుంది. సైన్యం తన జనాన్ని ఎలా చంపిందో ఆ భాషలోనే లోకానికి చెప్పింది. 1992లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. మన దగ్గర చూడండి. 1940లలో హైమన్‌డార్ఫ్ వచ్చి గోండుల మీద, చెంచుల మీద, కొండరెడ్ల మీద ఇంగ్లీషులో పుస్తకాలు రాశాడు. ఆయన తల్లి భాష జర్మన్. మనకు మేలు చేసినవాడే. కానీ ఎనభై ఏళ్ళ తర్వాత కూడా మన సంగతి ఇంకొకరే చెప్పాలా?

సరే, ప్లాన్ ఏంటి?

ఎనిమిదో తరగతిలో కొత్త భాష వద్దు. మీ భాషలోని పాటలు, సామెతలు, చెట్ల పేర్లు తెలుగు లిపిలోనే ఒక నోటుబుక్కులో రాయండి. ఇంగ్లీషు చదవడం గట్టిచేసుకోండి. విదేశీ భాషల పుస్తకాలు, యాప్‌లు ఎక్కువగా ఇంగ్లీషు మీదుగానే నేర్పుతాయి.

తొమ్మిదిలో ఒక్క విదేశీ భాష ఎంచుకోండి. స్పానిష్ అయితే ఇంగ్లీషు అక్షరాలే, దాదాపు రాసినట్టే పలుకుతారు. లాటిన్ అమెరికా ఆదివాసీ ఉద్యమాలతో మాట్లాడొచ్చు. జపనీస్ అయితే తెలుగులాగే క్రియ వాక్యం చివర వస్తుంది, కానీ లిపికి ఓపిక కావాలి. ఫ్రెంచ్‌ను ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్‌గా తీసుకోవచ్చు, కాలేజీలో టీచర్ ఉన్నారో లేదో ముందే కనుక్కోండి. రోజూ అరగంట చాలు. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చుంటే నిలవదు.

పది పరీక్షల ఏడాది. కొత్తది మొదలుపెట్టొద్దు, ఉన్నది మర్చిపోకుండా చూసుకోండి. రెండో విదేశీ భాష ఇంటర్‌లో చూద్దాం. స్పానిష్, పోర్చుగీస్ లాంటి దగ్గరి భాషలు ఒకేసారి పట్టుకుంటే మాటలు కలగాపులగం అవుతాయి. ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లో ఇఫ్లూ ఉంది. అది కేంద్ర విశ్వవిద్యాలయం, ఎస్టీలకు 7.5 శాతం సీట్లు మన హక్కు. వాటిని ఖాళీగా వదలొద్దు.

ఇదంతా పిల్లల కష్టం మీదే వదిలేస్తే అన్యాయం. 2020 జాతీయ విద్యా విధానం సెకండరీ స్థాయిలో కొరియన్, జపనీస్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ లాంటివి నేర్పుతామంది. వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా తల్లి భాషలో బోధన అని కూడా అంది. రాజ్యాంగం 350ఏ అధికరణ ఎప్పటినుంచో ఆ మాటే చెప్తోంది. అదే 2020లో, ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చిన జీవో 3ను సుప్రీంకోర్టు కొట్టేసింది. పిల్లాడి భాష తెలిసిన టీచర్ బడిలో లేకపోతే, ఆ పిల్లాడు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. స్పానిష్ దాకా ఎలా వస్తాడు?

అందుకే ఐటీడీఏని రెండూ కలిపే అడుగుదాం. కింది తరగతుల్లో మన భాష వచ్చిన టీచరు, ఆశ్రమ హైస్కూళ్ళలో వారానికి మూడు పీరియడ్లు ఒక విదేశీ భాష. నాలుగైదు బడులకు కలిపి ఒక టీచర్ తిరిగినా మొదలవుతుంది. "విదేశీ భాష ఇచ్చాం కదా, ఇంక గోండి ఎందుకు" అంటే ఒప్పుకోవద్దు.

ఇంటికెళ్ళాక ఒక కాగితం మీద మీకు వచ్చిన భాషలన్నీ రాయండి, మొదటి వరుసలో మీ అమ్మ భాష. దాని కింద నేర్చుకోవాలనుకున్నది ఒక్కటి రాయండి. ఆ కాగితాలన్నీ పోగుచేసి, వినతిపత్రానికి జతచేసి ఐటీడీఏ పీవోకి ఇద్దాం.

జోహార్!