గ్రామరక్షణయందు పంచాయతీ సభ్యుల బాధ్యత

(మంచిర్యాల ప్రాంత పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



రోడ్డు, మురుగుకాలువ, మంచినీరు, వీధిదీపము - ఈ నాలుగింటిని గూర్చి పంచాయతీ సభ్యునకు బోధించువారు చాలమంది కలరు. మేము నేడు మాటలాడదలచినది ఐదవ విషయమును గూర్చి. అది పోలీసు ఠాణా. "ఠాణాతో మాకేమి పని? పిలిచిననాడు పోవుదుము" అని మీలో కొందరనుకొనవచ్చును. చట్టము మాత్రము అట్లనుకొనలేదు.

2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 34వ సెక్షను చదువదగినది. ఇది క్రొత్తది కాదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 40వ సెక్షనుగా నుండెను. గ్రామ వ్యవహారములతో సంబంధముగల ప్రతి అధికారియు, గ్రామమున నివసించు ప్రతి మనిషియు కొన్ని సంగతులను తనకు తెలిసిన వెంటనే ఠాణాకో మేజిస్ట్రేటుకో, ఏది దగ్గరయైన దానికి, తెలుపవలెనని ఆ సెక్షను శాసించుచున్నది. అట్టి అధికారియన ఎవరు? చట్టమే చెప్పినది: పంచాయతీ సభ్యుడు. ఓట్లు గెలిచి ప్రమాణము చేసిననాడే ఈ బాధ్యతయు మీ భుజములపైకి వచ్చినది. చాలమందికి ఆనాడు ఎవరును చెప్పియుండరు.

తెలుపవలసిన సంగతులేవి? దొంగసొత్తును కొనునట్టియు అమ్మునట్టియు పేరుమోసినవాడు గ్రామమునగాని, గ్రామసమీపముననుగాని కాపురముండుట. పరారీలోనున్న నేరస్థుడు ఊరిలోనికి వచ్చుట లేక ఊరిగుండ పోవుట. బెయిలుకు వీలులేని నేరము జరుగుట, లేక జరుగనున్నదని తెలియుట. ఆకస్మిక మరణము, అసహజ మరణము, శవము కనబడుట. అనుమానింపదగిన పరిస్థితులలో ఎవరైన మాయమగుట. ఇందు 'గ్రామము' అనగా ఇండ్లు మాత్రమే కాదు. గ్రామపు పొలములు, భూములు కూడ అందులోనివే.

ఈ చివరిమాటను మంచిర్యాల జిల్లావారు బాగుగ గుర్తుంచుకొనవలెను. అడవి అంచునగల ఊళ్ళలో అడవిపందులకొరకు కొందరు రాత్రివేళ కరెంటు తీగలు పరచుచున్నారు. పంటకాపాడుకొనుటకని ఒకరు, మాంసమునకని మరియొకరు. తీగకు పందియని, మనిషియని భేదము తెలియదు. నీరు పెట్టుటకు తెల్లవారుజామున పొలమునకు పోవు రైతు, తప్పిపోయిన ఎద్దును వెదకుచు పోవు పాలేరు, కవ్వాల అభయారణ్యమునుండి వెలికివచ్చిన పెద్దపులి, అందరును ఆ తీగకు సమానమే. ప్రాణము పోయిన తరువాత ఊరిలో గుసగుసలు బయలుదేరును. "మనవాడే, పొరపాటున జరిగినది, పదిమంది కూర్చుండి ఎంతోకొంత ఇప్పింతము" అందురు. అక్కడ కూర్చుండిన సభ్యుడు ఎవరికి మేలు చేయుచున్నాడు? విధవరాలికి చేతిలో కొంత సొమ్ము పడును. తీగ మాత్రము మరునాటి రాత్రి వేరొక గట్టున పరచుదురు. తీగ పరచుచున్నారను మాట మీ చెవిని పడిననాడే అటవీశాఖకు, విద్యుత్తు శాఖకు, ఠాణాకు తెలిపినచో శవపంచనామాకు సాక్షిగా కూర్చుండవలసిన అవసరము మీకు రాదు.

మన ప్రాంతమున ఠాణా యన్నచో జనులకు భయము. దీనికి కారణములు లేకపోలేదు. నిజాముకాలమున ఊరి భద్రత పోలీసు పటేలు చేతిలోనుండెను. పన్ను మాలీ పటేలుది, లెక్క పట్వారిది. ఈ ముగ్గురును ఒక్కటియైనచో సామాన్యుడు ఎవరితో మొరపెట్టుకొనును? 1980లలో ఆ పదవులు రద్దయినవి. కాని ఆ కాలముననే ఈ అడవులలో మరియొక పోరు సాగుచుండెను. రాత్రి వచ్చినవారికి అన్నము పెట్టిన ఇల్లు పగలు వచ్చినవారికి జవాబు చెప్పవలసివచ్చెడిది. ప్రాణహిత ఒడ్డునగల కోటపల్లి, వేమనపల్లి మండలముల పెద్దలకు మేమీ సంగతి వివరింప నక్కరలేదు. ఒక తరము నేర్చుకొన్న భయము ఒక ఉత్తరువుతో పోవునా? పోదు. అందువలననే పోలీసువారు ఆ మండలములలో వైద్యశిబిరములు నడపుట, యువకులకు వాలీబాలు పోటీలు పెట్టుట మేము చిన్నవిషయముగా తలంపము. మందులబిళ్ళకొరకు వచ్చిన ముసలమ్మ కానిస్టేబులుతో రెండు మాటలాడి పోవుటయే అందలి లాభము.

అమెరికాలో కౌంటీ యను ప్రతి ప్రాంతమునకును సాధారణముగ ఒక షెరిఫ్ ఉండును. అతనిని ప్రజలే, చాల రాష్ట్రములలో నాలుగేండ్లకొకసారి, ఓట్లువేసి ఎన్నుకొందురు. పిల్లలకు బోధించుట, ఇరుగుపొరుగువారితో కావలి సంఘములు పెట్టించుట ఆ కార్యాలయముల నిత్యకృత్యములు. ఒంటరిగనుండు వృద్ధులకు దినదినము ఫోను చేసి క్షేమము విచారించు ఏర్పాటు కూడ కొన్నిచోట్ల కలదు. మన యొద్ద ఠాణా అధికారిని ఎవరును ఎన్నుకొనరు. ఆయన బదిలీపై వచ్చును, బదిలీపై పోవును. ఊరు ఎన్నుకొన్నది మిమ్ములను. కావున ఠాణా ఊరికి దగ్గర కావలెనన్నచో నడుమ నిలువవలసినది మీరే. పిల్లలు హైదరాబాదు పోయి, ముసలివారు మాత్రమే మిగిలిన ఇండ్లు మీ వార్డులో ఎన్నియున్నవో ఠాణావారికన్న మీకే బాగుగ తెలియును.

2016 అక్టోబరులో జిల్లాలు క్రొత్తగా ఏర్పడినప్పుడు మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలకు కలిపి రామగుండము పోలీసు కమిషనరేటు ఏర్పడినది. మంచిర్యాల ఒక జోను, పెద్దపల్లి ఒక జోను. బొగ్గుగనుల పట్టణములు, గోదావరి ఒడ్డు పల్లెలు, అడవి గూడెములు, అన్నియు ఈ ఒక్క కమిషనరేటు క్రిందనే యున్నవి. గనికార్మికుని వాడలో తగవొకటి, గిరిజన గూడెములో తగవొకటి. ఒకే మందు రెండింటికి పనిచేయదు.

ఈ పోలీసువారి సేవలలో కొన్నింటిని మాత్రము చెప్పెదము. ఆపదవేళ 112 సంఖ్యకు ఫోను చేయవలెను. స్త్రీలను, బాలికలను వేధించువారిపై నిఘాకు షీ టీములు కలవు. ఇవి 2014 అక్టోబరులో హైదరాబాదున ప్రారంభమై తరువాత రాష్ట్రమంతటను వ్యాపించినవి. ఇంట హింసకు గురియగు స్త్రీకి 181, ఆపదలోనున్న పిల్లలకు 1098, వృద్ధులకు 14567 సంఖ్యలు కలవు. జిల్లాలో సఖి కేంద్రము కలదు. ఈ సంఖ్యలను పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. నాయకుల ఫ్లెక్సీలకు గోడ దొరకుచున్నప్పుడు వీనికి దొరకకపోదు.

పోలీసు కళాబృందములు పాటలతో, మాటలతో ఊళ్ళకు వచ్చుచున్నవి. చేతబడి, బాణామతి యను మూఢనమ్మకమును గూర్చి వారు చెప్పునప్పుడు కుర్రవాండ్రు నవ్వుదురు. నవ్వులాట కాదు. ఒక ఇంట వరుసగ ఇద్దరికి జబ్బుచేసినచో ఫలానా ముసలివానిపై అనుమానమని మొదట ఒక నోట వచ్చును, తరువాత పది నోళ్ళ తిరుగును. తెలంగాణ పల్లెలలో అట్టి మాటలు హత్యలవరకు పోయిన సందర్భములు కలవు. ఆ మొదటి మాట వినువారు మీరే. జబ్బుపడినవారిని ఆసుపత్రికి పంపుట, అనుమానింపబడిన ఇంటికి రక్షణ కోరుట, రెండును ఆ దినముననే జరుగవలెను.

ఇక తీర్పుల సంగతి. గెట్టు తగాదా, పశువు చేనబడుట, అన్నదమ్ముల మాటపట్టింపు, ఇట్టివి పెద్దమనుషులు సర్దుట మంచిదే. ఠాణాకు, కోర్టుకు తిరుగు ఖర్చు మిగులును. కాని పిల్లలపై లైంగిక అత్యాచారము జరిగినప్పుడు కచ్చేరిలో కూర్చుండి రూపాయలు నిర్ణయించుట తీర్పు కాదు, నేరమును దాచుట. 2012 నాటి పోక్సో చట్టము 19వ సెక్షను ప్రకారము సంగతి తెలిసిన ప్రతివ్యక్తియు పోలీసులకు తెలిపితీరవలెను. తెలుపనివానికి 21వ సెక్షను క్రింద ఆరునెలలవరకు ఖైదు, లేక జరిమానా, లేక రెండును విధింపవచ్చును. "పిల్ల పరువు పోవును" అని నోరు మూయించువారు పిల్లనుగూర్చి ఆలోచించుట లేదు. తమ ఊరి పేరును గూర్చి ఆలోచించుచున్నారు. బాధితురాలి పేరు వెల్లడించుటను చట్టమే నిషేధించినది. బాల్యవివాహము విషయమునను ఇంతే. పిల్లకు 18, పిల్లవానికి 21 నిండవలెను. పత్రిక అచ్చగుటకు ముందే మీరు పోయి చెప్పినచో పందిరి క్రింద పోలీసులు నిలువవలసిన అవమానము తప్పును.

వానకాలమునకు ముందు పత్తి విత్తనముల బెడద వచ్చును. గడ్డిమందును తట్టుకొనునని చెప్పి, ప్రభుత్వ అనుమతిలేని పత్తి విత్తనములను చీటీలేని సంచులలో రాత్రిపూట ఇండ్లకు చేర్చు దళారులు ఈ జిల్లాలో చాలమారులు పట్టుబడిరి. రామగుండము టాస్కుఫోర్సువారు, వ్యవసాయశాఖవారు కలిసి దాడులు చేయుచున్నారు. నకిలీ విత్తనములవారిని పి.డి. చట్టము క్రింద నిర్బంధించుటకును వీలు కలదు. అయినను ఒక మాట. దళారి తరచుగ ఆ ఊరివాడే, మీ బంధువే. రసీదులేక కొన్న విత్తనము మొలవకపోయినచో రైతు ఎవరిని అడుగును? పరిహారము ఎట్లు కోరును? బంధుత్వము చూచి మిన్నకుండినచో అప్పులపాలగువాడును మీ బంధువే యగును.

ఫోను మోసములు ఇప్పుడు గనులవాడలను, పల్లెలను సమముగ పట్టుకొన్నవి. పోలీసు దుస్తులు ధరించి వీడియోలో కనబడి "నిన్ను డిజిటల్ అరెస్టు చేసితిమి" అని బెదరించి, రిటైరైన కార్మికుని గ్రాట్యుటీ సొమ్మును లాగుదురు. అట్టి అరెస్టు భారతదేశపు ఏ చట్టములోను లేదు. సొమ్ము పోయిన వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. దొంగ ఆ సొమ్మును ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు మార్చి బయటికి తీయులోపల ఫిర్యాదు అందినచో బ్యాంకులు దానిని నిలుపగలవు. సిగ్గుపడి నాలుగు దినములు దాచినచో ఖాతాలో మిగులునది ఏమియు ఉండదు. సింగరేణిలో ఉద్యోగమిప్పింతుమని లక్షలు తీసుకొను దళారుల మోసము ఇంతకన్న పాతది. దానికి ఫోనుకూడ అక్కరలేదు.

ఇటుకబట్టీలకు ఒడిశానుండి కుటుంబములు వచ్చుచున్నవి. వారికి ఇక్కడ ఓటు లేదు, కనుక వార్డు సభ్యుని జాబితాలో వారు లేరు. ప్రతి జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ అను పేర్లతో పోలీసులు, ఇతర శాఖలు పనిలోనున్న బాలలను విడిపించుచున్నవి. తక్కిన పదినెలలు ఆ పిల్లలను చూచువారు మీరు మాత్రమే.

సి.సి. కెమెరాలను గూర్చి ఎక్కువ చెప్పము. దాతలచే పెట్టించి, ఫొటో దిగి, ఆరునెలలకు అవి పనిచేయుచున్నవో లేదో చూడని ఊళ్ళకన్న కెమెరాలే లేని ఊరు మేలు. అక్కడ కనీసము కావలియున్నదను భ్రమయైన ఉండదు.

పోలీసులకు మనము తోడ్పడవలెనని ఇంతవరకు చెప్పితిమి. పోలీసులు మన విషయమున పాటింపవలసినవియు కలవు. నేరము ఏ ఠాణా పరిధిలో జరిగినను ఏ ఠాణాలోనైనను ఫిర్యాదు వ్రాసికొనవలెను. ప్రథమ సమాచార నివేదిక ప్రతిని ఫిర్యాదికి ఉచితముగ నీయవలెను. వ్రాసికొననిచో పై అధికారికి తపాలాలో పంపవచ్చును, అప్పటికిని ఫలితము లేనిచో మేజిస్ట్రేటును ఆశ్రయింపవచ్చును. స్త్రీలను, పదునైదేండ్లలోపు బాలురను, అరువదేండ్లు దాటినవారిని, వికలాంగులను, తీవ్రమైన జబ్బుతోనున్నవారిని సాక్ష్యమునకై ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు. వారి ఇంటికే వచ్చి విచారింపవలెను. బొగ్గులారీలు తిరుగు మన రోడ్లపై దెబ్బతిన్నవానిని ఆసుపత్రికి చేర్చినవాడు తన పేరు చెప్పనక్కరలేదు. మోటారు వాహనముల చట్టము 134ఎ సెక్షను అతనిని కాపాడుచున్నది. ఇవి తెలిసిన సభ్యుడు వెంటనున్నచో ఠాణా మెట్లెక్కు బీదవానికి కాళ్ళు వణకవు. గౌరవముగ అడిగినచో మంచి అధికారి సంతోషించును. సంతోషింపని అధికారికిని చట్టము అదే.

గోదావరి సంగతితో ముగింతుము. 2022 జూలైలో నది పొంగినప్పుడు మంచిర్యాల పట్టణమున పల్లపు కాలనీలు మునిగినవి. మాతాశిశు ఆసుపత్రిలోనికి నీరు చేరగా బాలింతలను, పసికందులను తరలింపవలసివచ్చినది. చెన్నూరు మండలము సోమన్‌పల్లి వద్ద నీటిట్యాంకుపైకెక్కి చిక్కుకొన్న ఇద్దరిని వైమానికదళపు హెలికాప్టరు వచ్చి కాపాడినది. హెలికాప్టరు ప్రతి ఊరికి రాదు. వరదలో మొదటిగంట ఊరిదే. 2027లో గోదావరి పుష్కరములు కూడ రానున్నవి, ఒడ్డు ఊళ్ళకు లక్షలాది జనులు వచ్చెదరు. కావున ఈ గ్రామసభలోనే ఒక పుస్తకము తెరచి మూడు జాబితాలు వ్రాయింపుడు: ఊరిలో గజ ఈతగాండ్రెవరు, నాటుపడవలు, ట్రాక్టర్లు, పెద్దత్రాళ్ళు ఎవరియొద్ద కలవు, నడువలేని ముసలివారు, నెలలు నిండిన గర్భిణులు ఏ ఇండ్లలో ఉన్నారు. ఒక ప్రతిని ఠాణాకు, ఒక ప్రతిని తహసీలుదారు కచ్చేరికి పంపుడు. మూడవ జాబితా మాత్రము నెలనెలకు మారుచుండును.