పాలిష్ పనికి ఏ గ్లౌజులు?

చోడవరంలో తలుపులకు, మంచాలకు పాలిష్ పట్టే అన్నదమ్ములారా, పనయ్యాక థిన్నర్‌తో చేతులు కడగొద్దు. అది మరకతో పాటు చర్మంలోని సహజమైన నూనెనూ లాగేస్తుంది. చర్మం పగిలి, దురదలు పుడతాయి. కొన్ని ద్రావకాలు చర్మం గుండా ఒంట్లోకీ చేరతాయి.

గ్లౌజులన్నీ ఒకటి కావు. మామూలు రబ్బరువి టర్పెంటైన్ తగిలితే ఉబ్బి మెత్తబడతాయి. నూనె వార్నిష్‌కు, టర్పెంటైన్‌కు నైట్రైల్ అనే రకం గ్లౌజులు మేలు. అయితే థిన్నర్‌లో అసిటోన్ ఉంటే నైట్రైల్ కూడా ఎక్కువసేపు ఆగదు. చేయి తడవకుండా చూసుకోవాలి, గ్లౌజులు తడిస్తే వెంటనే మార్చేయాలి. అందుకే ముందు డబ్బా మీది రాత చదవండి. ఖర్చంటారా, చేతులే మీ జీవనాధారం కదా!

మనకు దగ్గర్లోని ఏటికొప్పాకలో బొమ్మలకు రంగు వేసే తీరే వేరు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ బొమ్మల కోసం అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ రంగు లక్కను అదుముతారు. రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది, థిన్నర్ అక్కర్లేదు. తిరిగే లేతు దగ్గర మాత్రం గ్లౌజులు వేసుకోకూడదు. అంచు చిక్కుకుంటే చేతినీ లాగేస్తుంది.

పాలిష్ అయ్యాక గ్లౌజులను మణికట్టు దగ్గర పట్టుకుని తిరగేసి తీయండి, సబ్బుతో చేతులు కడుక్కుని కాస్త కొబ్బరినూనె రాయండి.