వాటా బాడుగకిచ్చే ముందు

మార్కాపురం, గిద్దలూరుల్లో ఇంటి వెనక రెండు గదులు వేసి బాడుగకిచ్చే వారికి అద్దె కంటే ముందు తేలవలసింది నీళ్ల మాట. మార్కాపురం పలకల ఊరు. రాయికి కొదవ లేదు, నీటికే కటకట. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకరు డబ్బు ఎవరిది? ఆ సంగతి ముందే తేల్చుకోక, మూడేళ్లుగా ఉంటున్న మంచి కాపురాన్ని ఒక్క వేసవిలో పోగొట్టుకున్నాను. వెళ్లేటప్పుడు ఆ పిల్ల నా మొహమైనా చూడలేదు.

ఈ పక్క చాలా బోర్లలో ఫ్లోరైడు ఉంది. తాగే నీరు వేరే తెచ్చుకోవాలనీ ముందే చెప్పండి. అడ్వాన్సుకు రసీదివ్వండి. రిజిస్ట్రేషను తప్పుతుందని చాలామంది 11 నెలలకు రాసుకుంటారు గానీ, 1908 నాటి చట్టం ప్రకారం మన రాష్ట్రంలో ఏడాదికి మించని లీజుకైనా రిజిస్ట్రేషను తప్పదు. గడువు తీరగానే మళ్లీ రాసుకోవాలి, ఇక్కడే మనకు బద్ధకం! మొన్న దిగిన వాళ్లతో ట్యాంకరు ఖర్చు చెరిసగమని మొదటి వాక్యమే రాయించాను.