కాయకు కావలి

పంచాయతీ సభ్యులారా!

పచ్చికాయ నిలుచును, పండు త్వరగా కుళ్ళును. ఏల?

కాయలోని కణములను ఇటుకలనుకొనుడు. వాని నంటించియుంచు అడుసు వంటిది పెక్టిను. కుళ్ళు పుట్టించు శిలీంధ్రము ఒక ఎంజైమును స్రవించి, ఆ అడుసును కరగించి లోనికి జొరబడును. కణముల గోడలలోని కొన్ని మాంసకృత్తులు ఈ ఎంజైమును పట్టి నిరోధించును. 1971లో ఆల్బర్షీం, ఆండర్సన్ అను శాస్త్రజ్ఞులు చిక్కుడు జాతి మొక్కలలోను, టమాటాలోను వీనిని వెల్లడించిరి. లేత బేరికాయలో ఇవి మెండు, పండుచున్నకొలది తగ్గిపోవును. బేరి జన్యువు నిచ్చిన టమాటాలలో బూజు కుళ్ళు మందగించినదని 2000లో ప్రకటింపబడినది.

మన మామిడిలో కావలి కాయునవి వేరు పదార్థములైనను, కథ అట్టిదే. మచ్చతెగులు శిలీంధ్రము లేతకాయపై జేరి అణగియుండి, పండునపుడు నల్లమచ్చలుగా బయల్పడును. తోటలో నిగనిగలాడిన కాయ బజారులో రైతును నష్టపరచుట ఇందువలననే.

కావున జాగ్రత్త పిందెనాడే వలయును. ఎండుపుల్లలు తొలగింపుడు, కాయలను తొడిమతో, దెబ్బ తగులకుండ కోయింపుడు. వానచినుకులతో తెగులు చెట్టునుండి చెట్టునకు ప్రాకును. గట్టు దానికి హద్దు కాదు. ఒక్క రైతు శుభ్రత చాలదు; తోటలవారినందరిని కూడగట్టుట మీ వంతు.