మనసుకు జబ్బు చేసినప్పుడు మనం తట్టవలసిన తలుపులు

(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ బడిలోనే అక్షరాలు దిద్దుకుని, ఈ బడిలోనే ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పినవాణ్ణి నేను. ఇటువంటి శుభవేళ బడి కీర్తిని తలచుకోవడం సంప్రదాయం. ఆ పని నాకు ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా నిర్వహించారు. నేను మాత్రం నా వల్ల జరిగిన ఒక పొరపాటుతో ప్రారంభించడానికి మీ అనుమతి కోరుతున్నాను.

1988లో పదవ తరగతిలో నాకొక శిష్యుడు ఉండేవాడు. లెక్కల్లో అందరికంటె ముందుండేవాడు. ఆ ఏడు దసరా సెలవుల తరువాత ఇంటిపని చేసి తేవడం మానుకున్నాడు. మొదటి బెంచీ వదిలి చివరి బెంచీకి మారాడు. ప్రశ్న వేస్తే లేచి నిలబడి నేలచూపులు చూసేవాడు. నేను అతని ప్రోగ్రెస్ రిపోర్టులో “సోమరితనం పెరిగింది” అని ఎర్రసిరాతో రాశాను. తరగతి ఎదుట నాలుగు మాటలూ అన్నాను. తల్లి బడికి వచ్చి, “రాత్రిళ్ళు వానికి నిద్రే లేదు అయ్యవారూ, గాలి సోకిందేమో” అని కంటతడి పెట్టుకుంది. అప్పటికే తాయెత్తు కట్టించిందట. ఆ తాయెత్తును తలచి నేను లోలోపల నవ్వుకున్నాను. నా ఎర్రసిరా ఆ తాయెత్తు కంటె మేలైనదేమీ కాదని నాకు అప్పుడు తోచలేదు.

ఆ పిల్లవాని బాధను గుర్తించింది ఇంటింటికీ తిరిగే ఒక ఆరోగ్య కార్యకర్త. జ్వరాల సంగతి విచారించడానికి వెళ్ళిన ఆమె, మూలన కూర్చున్న వాణ్ణి చూసి, “నిద్ర పడుతోందా నాయనా? అన్నం సహిస్తోందా?” అని అడిగిందట. వారాల తరబడి నోరు విప్పనివాడు ఆ రెండు ప్రశ్నలకే వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె వాళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపింది. డాక్టరు దానికి కుంగుబాటు వ్యాధి అని పేరు చెప్పి మందులిచ్చాడు. కుర్రవాడు మరుసటి సంవత్సరం పరీక్ష రాసి ఉత్తీర్ణుడయ్యాడు. అతని అనుమతితోనే నేడీ మాట చెబుతున్నాను.

ఆమె ఆ ప్రశ్నలు వేయడం కాకతాళీయం కాదు. భారత ప్రభుత్వం 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని ప్రారంభించింది. దానిని ఒక జిల్లా అంతటా అమలుచేసి చూడటానికి బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ ఎంచుకున్నది మన బళ్ళారినే. 1985 నుండి 1990 వరకు ఇక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకూ, కార్యకర్తలకూ మానసిక వ్యాధులను గుర్తించే శిక్షణ ఇచ్చారు. మందులను పల్లెలకు చేర్చారు. 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఒరవడి “బళ్ళారి నమూనా”యే. ఈ సంగతి వైద్య గ్రంథాలకు తెలుసు. మన ఇళ్ళకే అంతగా తెలియదు.

విచిత్రమేమంటే, విషాదాంత నాటకాన్ని తెలుగు రంగస్థలానికి అలవాటు చేసిన ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు మన ఊరివారే. నాటకశాలలో పదిమంది ఎదుట కన్నీరు పెట్టుకోవడానికి మనం ఏనాడూ సిగ్గుపడలేదు. ఇంటిలోని దుఃఖాన్ని మాత్రం తలుపులు వేసి దాచుకుంటాము. సంబంధాలు రావనీ, నలుగురూ నవ్వుతారనీ భయం. నిమ్‌హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ సర్వేలో, వయోజనులలో నూటికి సుమారు పదిమంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నట్లు తేలింది. వ్యాధిని బట్టి వారిలో నూటికి 70 నుండి 92 మంది వరకు వైద్యం అందనివారే. అంటే ఈ సభలోని ప్రతి వరుసలోనూ ఈ బాధ ఎరిగినవారు ఉండవచ్చును.

మరి ఎక్కడికి వెళ్ళాలి? దిగులు, నిద్రలేమి, దేనిమీదా మనసు నిలవకపోవడం, ఆకలి చెడటం రెండు వారాలకు మించి ఉంటే, జ్వరానికి వెళ్ళినట్లే మీకు దగ్గరలో ఉన్న డాక్టరు వద్దకు వెళ్ళండి. అదే మొదటి తలుపు. అవసరమైతే ఆయనే జిల్లా ఆస్పత్రిలోని మానసిక వైద్యుని వద్దకు పంపుతాడు. మానసిక వైద్యుడు ఎం.బి.బి.ఎస్. చదివి, ఆపైన ఈ శాఖలో ప్రత్యేక విద్య పొందినవాడు, మందులు రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయడు. మాటల ద్వారా, అభ్యాసాల ద్వారా చికిత్స చేస్తాడు. ఆయన భారత పునరావాస మండలిలో నమోదై ఉన్నాడో లేదో అడగడంలో తప్పులేదు. కుంగుబాటు మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే గుణం లేదని గానీ, కాస్త నెమ్మదించగానే తగ్గిపోయిందని గానీ డాక్టరును అడగకుండా మానరాదు.

రెండవ తలుపు టెలిఫోను. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి–మానస్ సేవకు 14416 నంబరు. పగలూ రాత్రీ పనిచేస్తుంది, రుసుము లేదు. తెలుగులో మాట్లాడే వీలున్నది. ఇది మనవంటి వారికి చిన్న విషయం కాదు. మన పిల్లలు అంగడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు చక్కగా మాట్లాడతారు. కానీ గుండె బరువెక్కినప్పుడు వచ్చే మాట అమ్మ నేర్పిన మాటే. ఆస్పత్రికి వెళ్ళిన మన అవ్వ తన బాధను కన్నడంలో చెప్పలేకపోతే, తెలిసినవారిని వెంట పంపండి. ఆమె మాటలను కుదించకుండా చెప్పించండి. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరున్నది.

మూడవది స్వయంసహాయం. వేళకు పడుకోవడం, రోజూ కొంతదూరం నడవడం, మద్యం ముట్టకపోవడం, దినానికి ఒక్కరితోనైనా మనసు విప్పి మాట్లాడటం, కలతపెట్టే ఆలోచనలను కాగితం మీద రాసుకోవడం – ఇవి చిన్నపాటి కలతలను తీరుస్తాయి, పెద్ద వ్యాధిలో చికిత్సకు తోడవుతాయి. తాగుడు మానదలచినవారు కలిసి కూర్చుని అనుభవాలు చెప్పుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ బృందాలున్నాయి. వాటికి రుసుము లేదు. అయితే ఏ పుస్తకమైనా, ఏ గురువైనా డాక్టరిచ్చిన మందులు మానేయమంటే అక్కడినుండి లేచి రండి. గుడికి వెళ్ళవద్దని నేననను. గుడికి వెళ్ళిన కాళ్ళు ఆస్పత్రికీ వెళ్ళాలని మాత్రమే నా మనవి.

ఇక కష్టమైన మాట. ఎవరైనా “నేను బతికి ఏం లాభం” అంటే, బెదిరింపు అని కొట్టివేయకండి. “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అని నెమ్మదిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు. మోస్తున్న బరువు కొంత దిగుతుంది. వారిని ఒంటరిగా విడువకండి. పొలానికి తెచ్చిన పురుగుమందులనూ, ఇంటిలోని మాత్రలనూ వారికి అందకుండా తాళం వేయండి. ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. కేసు అవుతుందని వెనుకాడవద్దు. 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవాడిగానే భావించమంటుంది. సంరక్షణ కల్పించే బాధ్యతను ప్రభుత్వంపై ఉంచింది. రోగి వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు కూడా ఇచ్చింది.

సోదర ఉపాధ్యాయులారా, మనం వైద్యులం కాము, కానక్కరలేదు. అయితే బిడ్డలో మార్పు తల్లి తరువాత ముందుగా కనబడేది మనకే. చురుకైనవాడు మూగబోతే, ఎర్రసిరా మూతవేసి, ఒక ప్రశ్న అడగండి. తల్లిదండ్రులారా, మార్కుల సంగతి అడిగే ముందు నిద్ర సంగతి అడగండి. పూర్వ విద్యార్థులారా, బడికి గదులు కట్టించారు, బల్లలు ఇచ్చారు. నెలకొకసారి ఒక సలహాదారును ఇక్కడికి రప్పించే ఏర్పాటు కూడా చేయండి. ఈ ఉత్సవానికి అది తగిన జ్ఞాపిక అవుతుంది.

ఆ ప్రోగ్రెస్ రిపోర్టును నా శిష్యుడు నేటికీ భద్రపరిచాడు. కిందటి ఏడు చూపించినప్పుడు, నేను రాసిన మాటను కొట్టివేయనా అని అడిగాను. “వద్దులెండి సారూ, మీరు మారారని తెలియడానికి అది ఉండాలి” అన్నాడు. ఆనాడు నేను అడగవలసిన ప్రశ్నను ఈనాడు మీ చేతుల్లో పెడుతున్నాను. ఇంటికి వెళ్ళి మీ పిల్లలను అడగండి: “నిద్ర పడుతోందా నాయనా?”